వాసన పోయిందన్న మనిషి

జైరోసి గోతి దగ్గర తగూమా చేతిలోంచి పారను లాక్కున్నారు. లాక్కున్నది పరాయివాడు కాదు. జైరోసి సొంత అన్న ముటేరో, గని కూలీల ఇళ్ళ లైన్ల జనమంతా చూస్తుండగా లాక్కున్నాడు.

మనిషి పోతే ఏడవడానికి చుట్టాలుంటారు. నవ్వించడానికి మాత్రం సాహ్విరా ఉండాలి. సాహ్విరాది వేరే గోత్రం, రక్తసంబంధం ఏమీ ఉండదు. తాతల నాడు ఎవరో ఇద్దరు కలిసి తాగి, కలిసి తిని కట్టుకున్న స్నేహం మనవల దాకా వస్తుంది. గోతికి మొదటి పార వేసేది అతనే. పోయినవాడి బట్టలు తొడుక్కుని, వాడి నడక నడిచి, వాడి గొంతుతో వాడి పెళ్ళాన్ని కేకలేసి, వాడి పిసినారితనాన్నీ తాగుడునీ చుట్టాల మొహం మీదే ఆడి చూపించి, ఏడ్చేవాళ్ళని పొట్టచెక్కలయ్యేలా నవ్వించేది అతనే. అతనేమన్నా ఎవరూ కోపం తెచ్చుకోకూడదు. ఆ నవ్వు వినపడితేనే పోయినవాడు తేలిగ్గా కదులుతాడని అందరి నమ్మకం.

ఆ పొద్దున తగూమా జైరోసి నీలం బాయిలర్ సూటు తొడుక్కుని వచ్చాడు. జైరోసికి ఎడమకాలు కాస్త ఈడుపు. తగూమా ఆ ఈడుపుతోనే జనం మధ్యలోకి నడిచి, "ఏయ్ షువాయి వాళ్ళమ్మా! సంకటి ఎక్కడే? ఆకలికి చచ్చిపోయాను ఇక్కడ!" అని జైరోసి గొంతుతో అరిచాడు. ఆడవాళ్ళలో ఎవరో ఫక్కున నవ్వబోయి కొంగు నోట్లో కుక్కుకున్నారు. తగూమా పార ఎత్తాడు. అప్పుడు ముటేరో ముందుకొచ్చాడు.

"ఆ బట్టలు విప్పు."

"ఏం కోతీ, నీక్కావాలా? నీ బొజ్జకి పట్టవు గానీ పక్కకి జరుగు." వాళ్ళది కోతి గోత్రం. గోత్రం పేరు పెట్టి పిలవడం ఆ ఊళ్ళో పెద్ద మర్యాద. ఆ రోజు మాత్రం ఆ మర్యాదకి బదులు రాలేదు.

"విప్పమంటున్నా. చంపినవాడు తవ్వకూడదు."

పార ముటేరో చేతిలోకి పోయింది. తగూమా ఒక్కో గుండీ విప్పి, బాయిలర్ సూటుని మడతపెట్టి మట్టికుప్ప మీద పెట్టాడు. లోపలి నిక్కరుతో, ఛాతీ మీద ఆసిడ్ మచ్చలతో, లైన్ల మధ్యనించి నడుచుకుంటూ ఇంటికి పోయాడు. దారిపొడుగునా జనం ఇళ్ళ ముందు నిలబడి చూశారు. ఒక్కరూ నవ్వలేదు.

జైరోసి కూతురు షువాయికి అప్పుడు పాలపళ్ళు ఊడుతున్న వయసు. తల్లి చుట్టుగుడ్డ పట్టుకుని అదంతా చూసింది. ఆమెకి అర్థమైంది ఒక్కటే. ఆ మనిషి మా నాన్నని చంపాడు.

*

మజోవే నదికి ఎగువన ఉన్న ఆ కర్మాగారంలో జైరోసి, తగూమా ఇద్దరూ ఆసిడ్ తొట్ల దగ్గర పనిచేసేవారు. అక్కడి రాయిలో నికెల్ గంధకంతో పెనవేసుకుని ఉంటుంది. రాయిని దంచి, కొలిమిలో కరిగించి, నీళ్ళలో పోసి నల్లగుండ చేస్తారు. ఆ గుండని ఇంటంత ఎత్తున్న తొట్లలో వేసి, ఆసిడ్ వదిలి, అడుగునుంచి గాలి కొడుతూ ఉడికిస్తారు. నికెల్ ఆసిడ్‌లోకి దిగిపోయి నీళ్ళు పచ్చబడతాయి. చూస్తే వానాకాలం గడ్డిలా, చెయ్యి పెట్టబుద్ధేసేలా ఉంటాయి. ఆ పచ్చదనమే నికెల్ ప్లేట్లై రైలెక్కి వెళ్ళిపోయేది. పనివాళ్ళకి మిగిలేది వేళ్ళ సందుల్లో దురద, గోళ్ళ కింద రంగు.

తొట్లకి గాలి ఆగకూడదు. గాలి ఆగి, ఆసిడ్ మాత్రం కారుతూ ఉంటే గుండలోని గంధకం విషగాలై పైకి లేస్తుంది. ముందు కుళ్ళిన గుడ్డు కంపు కొడుతుంది. ఆ కంపు లైన్లలో అందరికీ అలవాటే. ఎంతోకొంత రోజూ వచ్చేది. "కంపుంటే జీతమున్నట్టే" అని మగవాళ్ళు నవ్వుకునేవారు. కొత్తగా చేరినవాడికి పాతవాళ్ళు చెప్పే మాట ఒకటుండేది: "కంపు కొడితే ఆగు, కంపు పోయాక వెళ్ళు." దీనికి ఎవరూ ఎదురు చెప్పలేదు. చెప్పగలిగిన ఇంజనీర్ల బంగళాలు గాలివాటుకి అవతలి పక్కన, జకరాండా చెట్ల కింద ఉండేవి.

ఆ మధ్యాహ్నం జైరోసి తొట్టి మీద నీళ్ళు ముంచి చూడాలి. ఏనుగు గోత్రం తగూమా వెంట ఉన్నాడు. మెట్లెక్కుతుంటే కంపు ముక్కులో గుచ్చుకుంది. ఇద్దరూ మెట్ల మీదే ఆగారు. జైరోసి, "ఏమోయ్ ఏనుగూ, పొద్దున ఏం తిన్నావ్?" అన్నాడు. తగూమా, "మీ ఆవిడ పెట్టిందే తిన్నాను" అన్నాడు. కాసేపటికి కంపు పోయింది. పూర్తిగా, గుడ్డతో తుడిచేసినట్టు పోయింది. "పోయిందిగా, పద" అని జైరోసి ముందు నడిచి మూత ఎత్తాడు. మోకాళ్ళ మీద కూలబడ్డాడు. తగూమా అతని కాలర్ పట్టుకుని లాగాడు. ఆ తర్వాత అతనికి గుర్తున్నది ఇనపమెట్ల అంచు నుదుటికి కొట్టుకోవడమే.

విచారణ జరిగింది. కంపెనీ మనుషులు, ఒక ఇంజనీరు, యూనియన్ నుంచి కోటు వేసుకున్న ఒకాయన బల్లకి ఒక పక్కన కూర్చున్నారు. నుదుటికి కట్టుతో తగూమా రెండో పక్కన నిలబడ్డాడు. కుర్చీ ఉంది. కూర్చోమన్నవాళ్ళు లేరు.

"ఆసిడ్ తెరిచి ఉందా?"

"ఉందండి. ఎప్పుడూ తెరిచే ఉండాలి. గాలి ఆగిందని మాకెవరూ చెప్పలేదు."

"వాసన వచ్చిందా?"

"వచ్చిందండి. పోయింది. పోయాకే వెళ్ళాం."

యూనియన్ కోటాయన కూడా తల ఎత్తి చూశాడు. ఎందుకంటే ఆ మధ్యాహ్నం కంపు బజారు దాకా కొట్టింది. టమాటాలమ్మే ఆడవాళ్ళు గుడ్డలు ముక్కుకి కట్టుకున్నారు. బడిలో పిల్లల్ని ఇళ్ళకి పంపేశారు. ఊరవతల ఉన్నవాళ్ళకి కొట్టిన వాసన తొట్టి మీద నిలబడ్డవాడికి కొట్టలేదట! తలుపు దగ్గర ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో తీర్పు అయిపోయింది. వాసన వచ్చినా లెక్కచెయ్యలేదు, ఆసిడ్ కట్టెయ్యలేదు, పైగా అబద్ధమాడాడు. ముటేరో అప్పుడు తొట్ల దగ్గర తాత్కాలిక ఫోర్‌మన్. గాలి ఆపుతున్నట్టు తనకి ఏ కబురూ అందలేదని అతను చెప్పాడు. వర్షాలు రాకముందే అతని ఉద్యోగం ఖాయమైంది. తగూమా ఉద్యోగమూ, లైన్లలో ఇల్లూ పోయాయి.

*

కర్మాగారం గేటు నుంచి బజారుకి పోయే మలుపులో తగూమా ఎండుచేపలు పరిచాడు. కరీబా సరస్సు నుంచి లారీల్లో వచ్చే సన్న చేపలు. భార్య కొన్నాళ్ళు పక్కన కూర్చుంది. ఒకసారి అన్నదమ్ముల్ని చూసొస్తానని బస్సెక్కింది. చూస్తూనే ఉండిపోయింది.

అతని ముక్కు నిజంగానే చచ్చిపోయింది. ఆ రోజు తొట్టి మీద పోయిన వాసన మళ్ళీ రాలేదు. పొగ, వానమట్టి, పక్కింటి పొయ్యి మీద మాడిన సంకటి, ఏదీ తెలిసేది కాదు. చేపలు ముక్కిపోయినా తెలిసేది కాదు. బజారు ఆడవాళ్ళకి ఇది పండగైంది. చేపని వేళ్ళతో ఎత్తి అతని ముక్కు కింద పెట్టి, "ఏం సాహ్విరా, వాసనొచ్చిందా, పోయిందా?" అనేవాళ్ళు. పక్కనున్నవాళ్ళు విరగబడి నవ్వేవాళ్ళు. చావులో నవ్వించాల్సినవాడిని బతికుండగా నవ్వులపాలు చేశారు. ఊరు తన బాకీలు ఇలాగే వసూలు చేసుకుంటుంది, తీర్చాల్సినవాళ్ళని వదిలేసి.

లైన్లలో ఇంకే చావుకీ అతన్ని పిలవలేదు. అతని కంటే మంచి ఆటగాడు ఆ చుట్టుపక్కల లేడని అందరికీ తెలుసు. ముసలమ్మ చచ్చిపోతే ముసలమ్మలా వణికేవాడు, పాస్టర్ చచ్చిపోతే పాస్టర్‌లా ముక్కుతో పాడేవాడు. ఇప్పుడు డప్పులు మోగుతుంటే తన బల్ల దగ్గరే కూర్చుని, చేపల మీద ఈగల్ని తోలుకుంటూ వినేవాడు.

బడికి పోయే దారి ఆ మలుపు మీదుగానే. యూనిఫాం వేసుకుని స్నేహితురాళ్ళతో పోతూ షువాయి ఒకరోజు ఆగింది. వెనక అమ్మాయిలు ముసిముసిగా నవ్వుతున్నారు. ఒక చేపని తోకపట్టి ఎత్తి అడిగేసింది: "వాసనొచ్చిందా?"

తగూమా ఆమె మొహంలోకి చూశాడు. తండ్రి మొహమే, కిందిపెదవి తోసుకొచ్చినట్టు ఉంటుంది. తిట్టలేదు. "వచ్చింది తల్లీ. పోయింది" అన్నాడు, విచారణలో చెప్పినట్టే. గుప్పెడు చేపలు కాగితంలో చుట్టి, "అమ్మకివ్వు" అన్నాడు. షువాయి వాటిని వంతెన మీదనించి నీళ్ళలోకి విసిరేసింది.

*

పోయినవాడిని ఎల్లకాలం గోతిలో ఉంచరు. ఏడాది తిరిగాక, రాగులతో బీరు కాచి, గోతి మీద పోసి, డప్పులతో ఆత్మని ఇంటికి పిలుచుకురావాలి. పిలిచేదాకా అది బయటే, పొదల్లో, చలిలో తిరుగుతూ ఉంటుంది. జైరోసిని పిలవలేదు. ముటేరోని అడిగితే ఒక ఏడు కరువన్నాడు, ఒక ఏడు రాగులు పండలేదన్నాడు, ఒక ఏడు కర్మాగారం మూతపడుతోంది ఇప్పుడెక్కడ అన్నాడు. కర్మాగారం నిజంగానే మూతపడింది. షువాయి బడి ముగించింది. ఖర్చంతా పెదనాన్నే పెట్టుకున్నాడు. ఆ మాట తల్లి రోజుకోసారి గుర్తుచేసేది.

తర్వాత తల్లికి కాళ్ళు వాచి, మంచం దిగలేని పరిస్థితి వచ్చింది. పొద్దుటిపూట వాకిట్లోకి చూస్తూ, "మీ నాన్న దడి అవతల నిలబడుతున్నాడే. లోపలికి రమ్మంటే రాడు. ఎవరూ పిలవలేదు కదే అంటాడు" అనేది. చుట్టాలు ముటేరో మీద పడ్డారు. ఇక తప్పించుకోలేక, ఈ కోతలయ్యాక కానిద్దామన్నాడు.

అదే ఏడు కొత్త యజమానులు వచ్చి తొట్లు మళ్ళీ నింపారు. బోర్డు మారింది, రంగు మారింది, తొట్లు అవే. షువాయికి నీళ్ళ నమూనాలు పరీక్షించే గదిలో పని దొరికింది. చేరినవాళ్ళందరినీ ముందు ఒక హాల్లో కూర్చోబెట్టి జాగ్రత్తలు చెప్పించారు. చెప్పడానికి జోహన్నెస్‌బర్గ్ నుంచి ఒకాయన వచ్చాడు. తలా ఒక పసుపు రంగు చిన్న పెట్టె ఇచ్చాడు. విషగాలి ఉంటే అది కీచుమని అరుస్తుందట.

"ఇది ఎందుకు సార్? మా ముక్కులున్నాయిగా" అని ఒకతను అడిగాడు. హాలంతా నవ్వింది.

"మీ ముక్కు కొంచెం విషగాలికే పనిచేస్తుంది" అన్నాడాయన, నవ్వకుండా. "గాలి ఎక్కువైతే ముక్కు చచ్చిపోతుంది. కంపు కొడుతూ కొడుతూ టక్కున ఆగిపోయిందనుకోండి, పోయింది వాసన, గాలి కాదు. అప్పుడు మీ దగ్గర ఉండేది ఒకటి రెండు ఊపిర్లు. దూరంగా ఉన్నవాళ్ళకి మాత్రం వాసన వస్తూనే ఉంటుంది. ఇది కొత్త సంగతేం కాదు, మా తాతల కాలం నుంచీ పుస్తకాల్లో ఉంది."

ఆయన తర్వాత చెప్పింది షువాయి వినలేదు. పసుపుపెట్టెని అరచేతిలో బిగించి పట్టుకుని కూర్చుంది. తొట్టి మీద ఉన్నవాడికి వాసన రాదు, బజారులో ఉన్నవాళ్ళకి వస్తుంది. తండ్రి అలాగే చచ్చిపోయాడు. ఆ మనిషి అలాగే చెప్పాడు. ఒక్క మాట కూడా మార్చకుండా చెప్పాడు, చేప తోకపట్టుకుని తను అడిగినప్పుడు కూడా.

*

మర్నాడు ఆమె మలుపు దగ్గరికి వెళ్ళింది. తగూమా బక్కచిక్కిపోయాడు. మాట మధ్యలో దగ్గు వస్తే బల్ల అంచు పట్టుకుని ఆగుతున్నాడు. షువాయి అతని ముందు మోకాళ్ళ మీద కూర్చుని, అరచేతులు మెల్లగా తట్టింది, పెద్దవాళ్ళకి చేసినట్టు.

"చేపలకి దణ్ణం పెడుతున్నావా కోతిపిల్లా?" అన్నాడు.

"నీకే సాహ్విరా."

"అయితే నీకు జొరమొచ్చింది. ఇంటికి పో."

ఆమె హాల్లో విన్నదంతా చెప్పింది. అతను మధ్యలో ఆపలేదు. చివర్న, "పసుపుపెట్టె ఉందా, చూపించు" అన్నాడు. తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు. "ఇది చెబితే నమ్ముతారా మనుషులు?"

"నమ్ముతారు."

"అయితే ఇది మంచి వంశంలో పుట్టింది" అని తిరిగి ఇచ్చేశాడు.

"సాహ్విరా, కోతలయ్యాక నాన్నని ఇంటికి తెస్తున్నాం. నువ్వు రావాలి. నువ్వు ఆడితే గానీ నాన్న లేవడు. అమ్మ కూడా అదే అంటుంది, మనసులో."

"మీ అమ్మ మనసులో చాలా అంటుంది. బయటికి అనే వాళ్ళు కావాలిప్పుడు." దగ్గు తెరొచ్చి కాసేపు ఆగాడు. "నేను వస్తాను. నడవలేకపోతే పాక్కుంటూ వస్తాను. వాడి ఈడుపుకాలు ఆడటానికి ఇప్పుడు కష్టపడక్కర్లేదు కూడా, నా కాళ్ళు రెండూ ఈడుస్తున్నాయి. కానీ నా చేతిలోంచి పార తీసుకున్నది నువ్వు కాదు. ఎవరు తీసుకున్నారో వాళ్ళు తెచ్చివ్వాలి. మర్యాదకి చిటికెడు నశ్యం, ఒక మాట. తప్పైందని కూడా అనక్కర్లేదు. 'నువ్వు చెప్పింది నిజం' అంటే చాలు. ఆ మాట లేకుండా నేనొచ్చి ఆడాననుకో, చంపినవాడొచ్చి నవ్విస్తున్నాడంటారు. మీ నాన్నకది వినపడితే మట్టి కప్పుకుని అటు తిరిగి పడుకుంటాడు."

*

ముటేరో ఇంటి అరుగు మీద వేరుసెనక్కాయలు వలుస్తున్నాడు. పింఛను మనిషి. ఫోర్‌మన్‌గా దిగిన ఇల్లు చివరికి సొంతమైంది. షువాయి కూర్చుని తనూ రెండు గుప్పిళ్ళు తీసుకుని వలవడం మొదలుపెట్టింది.

"పెదనాన్నా, తగూమా అబద్ధం చెప్పలేదు."

"ఎవరన్నారు?"

"పనిలో చెప్పారు. వాసన పోవడమంటే ముక్కు చచ్చిపోవడమంట."

కాయ చిట్లిన చప్పుడు. ఇంకో కాయ. "నాకు తెలుసు" అన్నాడు.

షువాయి వలవడం ఆపేసింది. "ఎప్పట్నుంచి?"

"విచారణప్పుడే. పక్కగదిలో ఆ ఇంజనీరు మిగతావాళ్ళకి చెబుతుంటే విన్నా. 'వీడు చెప్పేది నిజమే, కానీ అది రాస్తే గాలి ఎందుకాగిందో కూడా రాయాలి' అన్నాడు."

"ఎందుకాగింది?"

అతను పొట్టు ఊదాడు. చాలాసేపు ఊదాడు, చేటలో పొట్టు లేకపోయినా.

"కొలిమి నుంచి ఫోనొచ్చింది. కాసేపు గాలి మేం తీసుకుంటాం, మీ తొట్లకి చెప్పుకోండి అన్నారు. రోజూ వచ్చే ఫోనే. నేను లేచి అంత దూరం నడిచేలోపు గాలి మళ్ళీ వచ్చేస్తుంది. ఎప్పుడూ అంతే. టీ పెట్టుకున్నాను, పొయ్యి మీద కాగుతోంది. తాగి వెళదాంలే అనుకున్నా."

షువాయి గుప్పిట్లో మిగిలిన కాయల్ని చేటలో పోసేసింది. "ఆ మాట తగూమాతో చెప్పు పెదనాన్నా. ఇదంతా కాదు. నువ్వు చెప్పింది నిజం అను, అంతే చాలన్నాడు" అంది.

"చాలదే పిచ్చిదానా. అతను చెప్పింది నిజమంటే, తర్వాత అందరూ అడిగేది ఒకటే, మరి ఎవరు? తమ్ముడి చావు నా మీద పడితే వాడి ఆత్మ ఇంటికి రాదు, నా గుమ్మంలో కూర్చుంటుంది. నేనైతే ముసలివాణ్ణి. నా పిల్లలు, వాళ్ళ పిల్లలు దానికి పరిహారం కట్టుకుంటూ పోవాలి. ఎందుకన్నాళ్ళు ఆపాననుకున్నావ్ ఈ పిలుపుని? రాగులు పండకా?" గొంతు పెంచలేదు. వేళ్ళు మాత్రం ఖాళీ తొక్కని నలుపుతున్నాయి. "నీ బడి ఎక్కణ్ణుంచి వచ్చింది? ఊరికే ఇచ్చారా నాకు ఫోర్‌మన్ పదవి? నేను ఆ రోజు నిజం చెప్పుంటే మేమిద్దరం చేపలు పరుచుకునేవాళ్ళం, తగూమా, నేనూ, చెరో పక్కన. నువ్వు టమాటాలు అమ్మేదానివి. వెళ్ళి చెప్పుకో అందరికీ. మీ అమ్మకి ముందు చెప్పు. మంచం మీదుంది, వింటుంది."

షువాయి లేచింది. తల్లి ఎదురుచూస్తున్నది ఒక్కదాని కోసం, భర్తని గడప లోపలికి తెచ్చుకోవడం కోసం. ఇది చెబితే ఆ పిలుపు జరగదు. చెప్పకపోతే తగూమా రాడు. ఆమె దారంతా ఈ రెండింటినీ తూచుకుంటూ నడిచింది. ఇల్లు వచ్చింది. తల్లి, "రాగులు నానబెట్టారా?" అని అడిగింది. "నానబెట్టారమ్మా" అంది షువాయి. ఇంకేమీ చెప్పలేదు.

*

పిలుపుకి నది అవతలనించి ఇంకెవరినో తెచ్చారు. మంచి పేరున్న మనిషేనన్నారు. అతను జైరోసిని ఎన్నడూ చూడలేదు. ఏ కాలు ఈడ్చాలో ముటేరోని అడిగి తెలుసుకున్నాడు. గోతి దగ్గర బీరు పోశారు, మేకని నడిపించారు. కొమ్మ విరిచి గోతి మీద ఆనించి, ఇంటిదాకా ఈడ్చుకొచ్చారు, దాని వెంట జైరోసి వస్తాడని. అద్దె సాహ్విరా దారిపొడవునా కుంటుతూ, తాగినట్టు తూలుతూ, అన్ని ఊళ్ళలో ఆడే ఆటే ఆడాడు. జైరోసి తాగేవాడు కాదు. జనం మర్యాదకి చప్పట్లు కొట్టారు. ఎవరో దగ్గారు. ముటేరో అందరికంటే గట్టిగా డప్పుకి తాళం వేశాడు.

మంచం మీదనించి తల్లి, "వచ్చాడా?" అంది.

"వచ్చాడమ్మా" అంది షువాయి.

తల్లి కళ్ళు మూసుకుంది. నమ్మిందో, కూతురి కోసం నమ్మినట్టు ఉందో తెలియలేదు.

మేక మాంసంలో సాహ్విరాకి చెందాల్సిన వాటా ఒకటుంటుంది. అద్దె మనిషికి ఇచ్చింది పోను ఒక ముక్క దాచి, సంకటితో పాటు గుడ్డలో కట్టుకుని షువాయి మర్నాడు మలుపుకి వెళ్ళింది. అతన్ని ఆమె చూడటం అదే ఆఖరు. ఆ చలికాలం దాటకుండానే అక్క కొడుకులెవరో వచ్చి అతన్ని ఊరికి తీసుకుపోయారని, దారిలోనే అయిపోయిందని తర్వాత విన్నది.

ఆ రోజు బల్ల మీద చేపల్లేవు. తగూమా ఎండలో గోడకానుకుని కూర్చున్నాడు. ముద్ద చేసి నోట్లో పెట్టుకుని, మాంసాన్ని చాలాసేపు నమిలాడు. అతనికి వాసనా లేదు, రుచి కూడా ఏపాటి తెలుస్తుందో.

"బాగా ఉడికింది" అన్నాడు. తర్వాత అడిగాడు: "నవ్వారా ఎవరైనా?"

షువాయి అబద్ధం చెప్పబోయింది. అప్పటికి కొన్నాళ్ళుగా అదే పని చేస్తోంది, నోటికి అలవాటైంది. కానీ ఈ మనిషి ముందు రాలేదు.

"లేదు సాహ్విరా."

అతను వేళ్ళు నాకి, నిక్కరుకి తుడుచుకున్నాడు.

"అయితే వాడు రాలేదు తల్లీ. మీరు కొమ్మ ఈడ్చుకుపోయారు, అంతే. నాకు తెలుసు వాడి సంగతి, డ్యూటీకి లేపాలన్నా బూతు జోకు చెప్పి లేపాల్సి వచ్చేది. అక్కడే కూర్చునుంటాడు, ఈ ఏనుగుగాడు ఎక్కడ చచ్చాడ్రా అనుకుంటూ. ఫర్లేదులే, నేను ఆట్టే ఆలస్యం చెయ్యను. వెళ్ళగానే చెప్తాను, నీ కూతురు నన్ను నమ్మిందిరా, కాకపోతే ఇంకెవడో చెప్పాక నమ్మింది అని."